మేనల్లుడు కట్టిన బాత్రూమ్

మాదన్నపేట పాల ఇండ్లవాళ్లు ఒకప్పుడు బర్రెను కొనబోతే పుష్పమ్మను వెంటబెట్టుకుని పోయేవారు. మగవాళ్లు కొమ్ములు, ఈతలు చూసి బేరానికి దిగుతుంటే ఆమె ఒక పక్కన కూర్చుని ఏమీ మాట్లాడేది కాదు. సాయంత్రం ఒకసారి పిండేది. పొద్దున ఒకసారి. మళ్లీ సాయంత్రం ఒకసారి. అమ్మేవాడు ముందు పూట పాలు తీయకుండా ఆపి పొదుగును నిండుగా చూపించవచ్చు. రెండో పూటకు దాణా ఎక్కువ పెట్టి మాయ చేయవచ్చు. మూడో పూట మాత్రం బర్రె అబద్ధం ఆడదని ఆమె నమ్మకం.

“అక్కా, బర్రెను కొంటున్నవా, కోడల్ని తెచ్చుకుంటున్నవా?” అని అమ్మేవాడొకడు విసుక్కున్నాడు ఒకసారి.

“కోడలైతే గింత సూడ. తప్పుంటే మెల్లగ నేర్చుకుంటది. బర్రె ఏం నేర్చుకుంటది?” అంది పుష్పమ్మ, చెంబు కడుక్కుంటూ.

ఒక్క చుట్టాల బర్రె దగ్గర మాత్రం ఈ పద్ధతి చెల్లదు. అత్తగారి వైపువాళ్ల ఇంటికో, ఆడబిడ్డ ఇంటికో చెంబు పట్టుకుని పోయి పిండి చూస్తానంటే వాళ్ల ముఖం మీద ఉమ్మినట్టే. చూడకుండా తెచ్చుకుంటే, వచ్చినదానితో నోరు మూసుకుని కాలం గడపాలి. అందుకే ముప్పై ఏళ్లలో పుష్పమ్మ చుట్టాల దగ్గర ఒక్క బర్రెనూ కొననివ్వలేదు.

అట్లాంటి మనిషి బాత్రూమ్ పనిని చుట్టానికి అప్పజెప్పింది.

ఆమె భర్త బీరయ్య సైకిల్‌కు పాల క్యాన్లు కట్టుకుని సంతోష్‌నగర్ దాకా పోసివచ్చేవాడు. సైకిల్ పోయి మోపెడ్ వచ్చింది. ఇరవై బర్రెలు పోయి రెండు మిగిలాయి. మాట తక్కువ మనిషి, ఎవరితోనూ లొల్లికి పోయేవాడు కాదు. ఒక్క సంగతిలోనే మొండితనం. కొట్టం ముందు తుండుగుడ్డ కట్టుకుని బాహాటంగా స్నానం చేసే మగవాళ్ల మధ్య పెరిగి కూడా, తాను గోనెపట్టాల తడిక చాటుకు పోనిదే చొక్కా విప్పేవాడు కాదు. కూతురు అఖిల ఎదుట బనియన్ లేకుండా ఎన్నడూ నిలబడలేదు.

ఆ మనిషికి బోనాలు అయిన వారానికి పక్షవాతం వచ్చింది. ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు గుంజుకుపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు మందులతో పాటు ఒక స్టీలు బెడ్‌పాన్ కూడా వచ్చింది. పుష్పమ్మ దాన్ని మంచం కింద పెట్టి పైన గుడ్డ కప్పింది. పాన్ పెట్టినప్పుడల్లా బీరయ్య కళ్లు మూసుకునేవాడు. ఆమె తిరిగి బట్ట కప్పేదాకా తెరిచేవాడు కాదు.

ఇంటర్ మధ్యలో మానేసి ఇంటి పట్టున ఉన్న అఖిల, ఆ వేళకు చీపురో బిందెనో పట్టుకుని బయటికి పోయేది. ఎవరూ చెప్పలేదు ఆమెకు. తానే కనిపెట్టుకుని పోయేది.

రెండు నెలల మాలిష్‌కు, మందులకు కాలు కొంచెం కదిలింది. కట్టె పట్టుకుని వాకిలి దాకా నడవసాగాడు. ఇంటి వెనుక బాత్రూమ్‌లో ఉన్నది కింద కూర్చునే పాతకాలపు బండ. అక్కడ కూర్చుంటే లేవలేడు. కూర్చునే కమోడ్ పెట్టించి, పట్టుకోవడానికి గోడకు ఒక గట్టి రాడ్డు వేయిస్తే తన పనికి తానే పోగలడని డాక్టరు చెప్పాడు.

ఆ సాయంత్రం బీరయ్య, జబ్బు చేశాక మొదటిసారి, నాలుగు మాటలు కూడబలుక్కుని అన్నాడు. “బాత్రూమ్ కట్టియ్యి పుష్పా. ఇంకేమొద్దు నాకు. నా పనికి నేను పోవాలె.”

మొదట వచ్చి చూసినవాడు యూసుఫ్ భాయ్. రెండు గల్లీల అవతల ఉంటాడు, టైల్స్ పని చేస్తాడు. బాత్రూమ్ కంటే ముందు బీరయ్యను చూశాడు. కుర్చీలో కూర్చోబెట్టి మూడుసార్లు లేపించి, ఏ చేత్తో బలం పెడుతున్నాడో, మోకాలు ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలుచుకున్నాడు.

“బాపుకు కుడి చెయ్యే ఆసరా. రాడ్డు కుడి దిక్కే రావాలె. ఈ గోడ పల్చగున్నది అమ్మా, లోపల సిమెంటు దిమ్మె పోసి రాడ్డు దించాలె. కింద గరుకు టైల్స్. మెరిసేటివి వద్దు.”

“ఎన్ని రోజులైతది భాయ్?”

“పదిహేను. కింద పోసింది ఆరాలె. మోరీ మూసి నీళ్లు నిలబెట్టి చూడాలె. గప్పుడే టైల్స్.”

“దీపావళికి పదమూడు రోజులే ఉన్నది.”

“దీపావళి మళ్ల సాల్ కూడ వస్తది అమ్మా. బాపు నడుము ఇరిగితె మళ్ల వస్తదా?” అని నవ్వి, “నా మాట నమ్మకున్రి. మార్కెట్ ఎనుక ఒక ఇంట్ల చేసిన పోయినేడు. పోయి చూడున్రి, ఆ ఇంటోళ్లను అడుగున్రి. నేను వెంట రాను, మీరే పోండ్రి” అన్నాడు.

పుష్పమ్మకు ఆ మాట నచ్చింది. మూడు పూటలు పిండి చూసుకొమ్మని అమ్మేవాడే చెప్పినట్టు అనిపించింది. పొద్దున్నే పోయి చూసి వద్దామనుకుంది.

పొద్దున్నే ఆడబిడ్డ రాజమణి వచ్చింది, కొడుకు గోవర్ధన్‌ను వెంటబెట్టుకుని. తల్లి పోయాక బీరయ్యను పెంచింది ఈ అక్కే. ఆమె ఇంట్లోకి వస్తే పుష్పమ్మ ఇప్పటికీ కొంగు సర్దుకుని నిలబడుతుంది.

“ఏందే పుష్పా, బయటోళ్లను పిలిచి పని మాట్లాడుతున్నవంట? ఇంట్ల ఇంత పెద్ద మేస్త్రిని పెట్టుకొని?”

గోవర్ధన్‌కు నలభై ఏళ్లుంటాయి. గుత్తకు పనులు పడతాడు. దీపావళి మరునాడు జరిగే దున్నపోతుల పండుగ, సదర్ నాడు కొమ్ములకు రంగులేసిన దున్నను వెనుక కాళ్ల మీద లేపి నిలబెట్టేది అతనే. ఆ ఒక్క పని చూసి గల్లీలో అందరూ అతను ఏ పనైనా చేయగలడనుకుంటారు.

“అత్తా, ఆరు రోజులు. ఏడో రోజు మామ అండ్ల తానం చేసి, సదర్ నాడు తెల్లబట్టలేసుకొని వాకిట్ల నిలబడకపోతే నన్నడుగు” అన్నాడు.

లోపలి గదిలోంచి బీరయ్య మెడ ఎత్తి చూస్తున్నాడు. సదర్ మాట వినగానే అతని ముఖంలోకి వచ్చిన వెలుగును పుష్పమ్మ చూసింది.

ఆమె అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఇంతకుముందు ఎవరి ఇంట్లో చేశావు? రోజూ పనికి వచ్చేది ఎవరు, నువ్వేనా? ఏ పైపు వేస్తావు, ఏ టైల్స్ వేస్తావు, ఒక కాగితం మీద రాసిస్తావా? రాడ్డు ఏ పక్కన? ఎదురుగా రాజమణి కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంది. ఆమె ఎదుట ఆ మాటలు అడగడమంటే చెంబు పట్టుకుని ఆడబిడ్డ కొట్టంలోకి పోవడమే.

“సరే బిడ్డా. నీ ఇష్టం” అంది.

మరునాడు యూసుఫ్ భాయ్ గల్లీలో కనిపిస్తే, పుష్పమ్మ తలుపు చాటుకు తప్పుకుంది.

పని మొదలైంది. కూలీల అడ్డా మీద నుంచి రోజుకో కొత్త మనిషి వచ్చేవాడు. నిన్నటివాడు ఎక్కడ ఆపాడో నేటివానికి తెలియదు. గోవర్ధన్ బండి మీద వచ్చి, ఫోన్ చెవికి పెట్టుకునే, రెండో చేత్తో పని చూపించి పోయేవాడు. మూడో రోజుకే టైల్స్ దిగాయి. తెల్లగా, అద్దాల్లాగా ఉన్నాయి.

“లైట్ ఏస్తే మొఖం కనబడాలె అత్తా! ఫైవ్ స్టార్ హోటల్ల కూడ గిట్ల లేవు.”

చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి చూసి మస్తుగున్నాయన్నారు. పుష్పమ్మ కూడా ఆ పూట మురిసింది. తన ఇంట్లో అంత తెల్లని వస్తువు ఇదివరకు లేదు.

అఖిల మాత్రం గోడ టైల్‌ను వేలి కణుపుతో తట్టి చూసింది. ఇంకొకటి తట్టింది. “అమ్మా, ఇది డొల్లగ మోగుతున్నది.”

“ఊకో. మీ బావ వింటడు.”

రాడ్డును ఎడమ గోడకు బిగిస్తుంటే మాత్రం పుష్పమ్మ ఉండబట్టలేక అడిగింది. “బిడ్డా, మామకు కుడి చెయ్యి గద పనిచేసేది?”

“కుడి గోడలకెళ్లి పైపులు వొయినయి అత్తా. అటు డ్రిల్లు కొడితే పగుల్తయి. మామ అలవాటు పడతడు తియ్యి.”

అన్నిటికంటే ఆమెను తొలిచింది కింది నేల. పెళ్లయిన కొత్తలో ఈ ఇంటి గొడ్ల కొట్టంలో షాబాద్ బండలు వేసేటప్పుడు వాటం చూసి వేయించింది ఆమే. ఎక్కడ నీళ్లు పోసినా మోరీలోకి పోవాలి. వాటం తప్పితే గొడ్ల ఉచ్చ నిలుస్తుంది. నిలిచినచోట బర్రె కాలు జారుతుంది. జారి తొంటి విరిగిన బర్రె మళ్లీ లేవదు. ఆ కొట్టంలో ముప్పై ఏళ్లలో ఒక్క బర్రె జారలేదు. ఆ కళ్లతోనే బాత్రూమ్ గడపలో నిలబడి చూస్తే, నేల మోరీ వైపు కాకుండా తలుపు వైపు వాలుతున్నట్టు తెలిసిపోయింది. కడిగిన నీళ్లు గడప దగ్గర మడుగు కట్టాయి.

“రెండు రోజులైతే సెట్ అయితది” అన్నాడు గోవర్ధన్.

“నీళ్లు కూడ సెట్ అయితయా?” అని గొణిగింది అఖిల. పుష్పమ్మ ఆమె చేయి గిల్లింది.

దీపావళి మరునాడు పొద్దున బీరయ్య తెల్లబట్టలు తీయించి మంచం మీద పెట్టించుకున్నాడు. కట్టె పట్టుకుని బాత్రూమ్ దాకా పోయాడు. వెనుక పుష్పమ్మ అడుగు వేయబోతే ఆగమన్నట్టు తల ఊపాడు.

“నువ్వు బయటనే ఉండు. తలుపు దగ్గరికేసుకుంట.”

తలుపు పడింది. లోపల నల్లా విప్పిన చప్పుడు, మగ్గు చప్పుడు. పుష్పమ్మ తలుపుకు చెవి ఆనించి నిలబడింది. ఇన్ని నెలల తర్వాత ఆ మనిషి తలుపు వెనుక ఒంటరిగా ఉన్నాడు. అది తలుచుకుంటేనే ఆమె గుండె తేలికైంది.

తర్వాత రెండు చప్పుళ్లు వినిపించాయి. ఒకటి టైల్ పగిలినది. రెండోది మనిషి పడినది.

తలుపు తోస్తే అతని కాలు అడ్డు పడింది. అఖిల సందులోంచి దూరి కాలును పక్కకు జరిపింది. పడకముందు బీరయ్య కుడి చేయి ఒంటికి అడ్డంగా చాచి ఎడమ గోడ మీది రాడ్డును పట్టుకున్నాడు. లేవబోతే రాడ్డు డొల్ల టైల్‌తో సహా చేతిలోకి ఊడివచ్చింది. నిలదొక్కుకోబోతే కింద నీళ్ల మడుగు. రాడ్డు ఇంకా చేతిలోనే ఉంది. ఒంటి మీద బట్ట లేదు. నొప్పికంటే ముందు అతను చేసిన పని, కూతురికి కనబడకుండా ఆ చేత్తోనే కప్పుకోబోవడం.

తొంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు, రాడ్ వేశారు, ఎముక అతికింది. కాలు మాత్రం మళ్లీ నేల మీద ఆనలేదు. ఆ రోజు సదర్ మేళం గల్లీలోకి వచ్చే వేళకు తెల్లబట్టలు ఖాళీ మంచం మీదే ఉన్నాయి.

గోవర్ధన్ ఆస్పత్రికి బత్తాయిలు తెచ్చాడు. “కొత్త టైల్స్ గద, జారుతయి. మామ జర పైలంగ ఉండాల్సింది” అన్నాడు. రాజమణి తమ్ముడి తల నిమురుతూ ఏడ్చి, బయటికి వచ్చాక పుష్పమ్మతో అంది. “రాత గట్లున్నది. మా పిలగాన్ని ఏమనకే.” పుష్పమ్మ మందుల చీటీ పట్టుకుని దుకాణానికి పోయింది. గోవర్ధన్ ఒక మనిషిని పంపి, పగిలినచోట కొత్త టైల్ అతికించి, తెల్ల సిమెంటు పూయించి, రాడ్డును మళ్లీ అదే గోడకు బిగించాడు. చూస్తే ఏమీ జరగనట్టే ఉంది. ఆ బాత్రూమ్ కమోడ్ మీద బీరయ్య మళ్లీ కూర్చోలేదు. పాన్ మళ్లీ మంచం కిందికి వచ్చింది.

మూడు నెలలకు ఒక పొద్దున రాజమణి వచ్చి పక్కన కూర్చుంది.

“పుష్పా, పిలగాడు పనులు లేక పరేషాన్ అవుతున్నడు. సంతోష్‌నగర్‌ల ఒక పెద్దింటోళ్లు గిసోంటి బాత్రూమే చేయించుకుంటరంట. చేసిన పని చూపియ్యమంటున్నరు. ఇయ్యాల తోలుకొస్తడు. ఒక్క మంచిమాట చెప్పు. మన ముచ్చట మన ఇంట్లనే ఉండాలె.”

మధ్యాహ్నం గోవర్ధన్ వెంట పద్మజ అనే ఆవిడ వచ్చింది. గుడి సేవ చేసుకునే ఇంటి కోడలు. అత్తగారికి మోకాళ్ల ఆపరేషన్ అయిందట. బాత్రూమ్‌ను గడపలో నిలబడే చూసింది. టైల్స్ మెరుస్తున్నాయి, తుడిచిన నేల పొడిగా ఉంది.

“పని బాగా చేశాడా అమ్మా?”

“మంచిగనే చేసిండమ్మా.”

“మీ ఆయనకు కూడా ఆరోగ్యం బాగాలేదని చెప్పారు. మరి తనంతట తనే వెళ్లి రాగలుగుతున్నారా?”

పక్కన గోవర్ధన్ నవ్వుతూ నిలబడ్డాడు. వెనుక రాజమణి దగ్గింది. లోపలి గదికి పరదా మాత్రమే అడ్డం.

“పోతడమ్మా. మంచిగ పోతడు” అంది పుష్పమ్మ.

పద్మజ తృప్తిగా తల ఊపి, గుడి వెనుక సందులో తమ ఇల్లని, ఎప్పుడైనా రమ్మని చెప్పి పోయింది.

పుష్పమ్మ లోపలికి పోయేసరికి బీరయ్య గోడ వైపు తిరిగి ఉన్నాడు. కుడి చేత్తో మంచం పట్టె పట్టుకుని ఎట్లా తిరిగాడో తెలియదు. అన్నం తినలేదు. సాయంత్రం ఆమె పాన్ తీసుకుని దగ్గరికి పోతే ఆ చేత్తోనే నెట్టివేశాడు.

“అఖిలను పిలువు.”

పుష్పమ్మకు ఒక క్షణం అర్థం కాలేదు. “ఏందయ్యా? నేనున్న గద.”

“అఖిలను పిలువు.”

అఖిల వచ్చింది. తల వంచుకుని, కళ్లు నేలకు అతికించుకుని, చేయాల్సింది చేసింది. బీరయ్య కళ్లు మూసుకోలేదు. రెండూ తెరిచి పైకప్పును చూస్తూ పడుకున్నాడు, ఎవరికో శిక్ష వేస్తున్నట్టు. అఖిల పాన్ కడగడానికి పోయి, కొట్టం దగ్గర చాలాసేపు ఉండిపోయింది. నాలుగు రోజులు అట్లాగే జరిగింది. పుష్పమ్మ పరదా ఇవతల కూర్చుని విన్నది.

ఐదో రోజు పాలు పిండి, రేకుల మీద ఎండ పడేలోపే ఆటో ఎక్కి సంతోష్‌నగర్ పోయింది. గుడి వెనుక సందులో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. గేటు ముందు పగలగొట్టిన పాత టైల్స్ కుప్ప పోసి ఉన్నాయి. పక్కన కొత్త టైల్స్ డబ్బాలు. ఒకటి చిరిగి ఉంటే లోపల తెల్లగా, అద్దంలాగా మెరిసింది.

పద్మజ గుర్తుపట్టింది. “రండమ్మా. గోవర్ధన్ ఇంకా రాలేదు.”

“గాయన కోసం రాలేదమ్మా. గాయన రాకముందే చెప్పాలనొచ్చిన.” పుష్పమ్మ గేటు బయటే నిలబడింది. “మా ఆయన పోలేడమ్మా. మొదటి దినమే రాడ్డు ఊడి పడ్డడు. తొంటి ఇరిగింది. మంచం మీదనే ఉన్నడు. ఆ దినం పరదా ఎనుక ఉన్నది మా ఆయనే.”

పద్మజ ముఖం మారింది.

పుష్పమ్మ ఆగకుండా చెప్పుకుపోయింది. “గా మెరిసే టైల్స్ కిందికి వద్దను, వాపస్ పంపియ్యి. టైల్స్ ఏసెకంటె ముందు మోరీ మూపిచ్చి నీళ్లు నింపు, ఒక పొద్దు ఒక రాత్రి ఉండనియ్యి, తగ్గినయా చూసుకో. మోరీ తెరిచినంక నీళ్లు ఎటు పోతయో నువ్వే నిలబడి చూడు, మేస్త్రి మాట ఇనకు. టైల్ ఏసినంక తట్టి చూడు, డొల్ల మోగితే తీపియ్యి. మీ అత్తమ్మకు ఏ చెయ్యి బలమో ఆ దిక్కు రాడ్డు పెట్టియ్యి. ఆమె పట్టుకునే ముందు ఇంట్ల ఉన్న మొగోళ్లను ఏలాడుమను. పనికి రోజు ఒక్కడే వస్తుండా, కొత్తోడు వస్తుండా అడుగు. మాట్లాడుకున్నదంత కాయితం మీద రాపిచ్చుకో. సుట్టమైనా సరే.”

“ఇవన్నీ మీకు ముందే తెలుసా?”

“కొన్ని పడ్డంక తెలిసినయి. నేల వాటం ముందే తెలుసు. గొడ్ల కొట్టంల బండలు నేనే ఏపిచ్చిన.”

“తెలిసి కూడా చేయనిచ్చారు.”

“ఆడబిడ్డ కొడుకమ్మా.”

పద్మజ డబ్బాల వైపు చూసింది, పగిలిన కుప్ప వైపు చూసింది. లోపలి నుంచి ఒక ముసలావిడ ఎవరొచ్చారని కేకేసింది. పద్మజ గొంతు తగ్గించింది.

“నేను ముగ్గురిని చూశాను. మీ మాట విన్నాకే మిగతా ఇద్దరినీ వద్దన్నాను. కాగితాలు, ఫొటోలు ఎవరైనా చూపిస్తారు. వాడుకునే మనిషి మాట అబద్ధం కాదనుకున్నాను. మా అత్తగారు వాడుకునే ఒక్క బాత్రూమూ పగలగొట్టుకుని కూర్చున్నాం ఇప్పుడు. ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?”

కోపంగా అడిగి ఉంటే పుష్పమ్మ ఓర్చుకునేది. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. పుష్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. సందు మలుపులో గోవర్ధన్ బండి ఎదురొచ్చింది. అతను ఆమెను చూసి నవ్వబోయి, ఆమె వస్తున్న దిక్కు చూసి, నవ్వు ఆపేశాడు.

ఆమె ఇల్లు చేరే లోపలే అఖిల ఫోన్‌కు రాజమణి మూడుసార్లు చేసింది. ఎత్తగానే తిట్లు. ఇక ఈ గడప తొక్కనని, తమ్ముడు చచ్చినా రానని చెప్పి పెట్టేసింది. అఖిల ఆ మాటలు తండ్రికి చెప్పలేదు. ఫోన్‌లోంచి అవి ఎట్లాగూ ఇల్లంతా వినిపించాయి.

పుష్పమ్మ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

“ఏడికి వోయినవ్?” అడిగాడు బీరయ్య. నాలుగు రోజుల తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అదే.

“సంతోష్‌నగర్. గామెకు అంత చెప్పొచ్చిన.”

“ఏమన్నది?”

“ఆ రోజే ఎందుకు చెప్పలే అన్నది.”

బీరయ్య ఆమె వైపు చూశాడు. “నేనూ గదే అడుగుదామనుకున్న” అన్నాడు.

బయట బర్రె అరిచింది, కుడితి వేళయింది. అఖిల బకెట్ తీసుకుని పోయింది. పోతూ వెనక్కి చూడలేదు.

“పట్టుకరా” అన్నాడు బీరయ్య.

పుష్పమ్మ మంచం కిందికి వంగి పాన్ తీసింది. అతను కుడి చేత్తో మంచం పట్టె పట్టుకుని నడుము ఎత్తడానికి కష్టపడ్డాడు. ఎత్తలేకపోయాడు. ఆమె వీపు కింద చేయి పెట్టి లేపింది. అతను ముఖం గోడ వైపు తిప్పుకుని కళ్లు మూసుకున్నాడు.